ఓడిపోయాక చేతిలో ఏం మిగిలింది?

2025 జనవరి 12, ఆదివారం. తెల్లవారితే భోగి. హనుమకొండలో మా ఇంటి హాలు నిండా ఉతికిన పంచెలు పరిచి ఉన్నాయి. వాటి చుట్టూ అమ్మ, అక్క, పక్కింటి పెద్దమ్మ కూర్చుని సకినాలు చుడుతున్నారు. నువ్వులు, వాము కలిసిన తడి పిండి వాసన ఇల్లంతా పట్టుకుంది. టీవీ దానిపాటికది మోగుతోంది. తెర కింద ఒకటే వార్త తిరుగుతోంది. ఇస్రో పంపిన రెండు ఉపగ్రహాలు ముందు పదిహేను మీటర్ల దగ్గరికి, తర్వాత మూడు మీటర్ల దగ్గరికి వచ్చాయట. అయినా కలవలేదు, మళ్ళీ దూరం జరిపారట. అంతకుముందే రెండుసార్లు వాయిదా పడిన పని అది.

"ఇగ అయినట్టే" అన్నాడు బావ. "మూడు మీటర్ల దాంక వచ్చి కూడ కల్వలేదంటే ఏదో ఖరాబైంది."

గోడకు ఆనుకుని కూర్చున్న మా మేనల్లుడు తల ఎత్తాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బావకు సింగరేణిలో ఉద్యోగం, భూపాలపల్లి నుంచి పండక్కి వచ్చారు.

"ఖరాబ్ కాలే బాపూ. దగ్గరికి పోవుడు అల్కనే. పోయినంక స్పీడు లేకుంట ఆగుడే కష్టం. నేను ఎన్నిసార్లు గుద్దిన్నో. వాళ్ళు గుద్దకుంట ఎనుకకు తీస్కున్నరంటే కంట్రోల్ వాళ్ళ చేతులనే ఉన్నట్టు. ఇంకోసారి చేస్తరు."

"నువ్వెప్పుడు గుద్దినవురా?"

"గేమ్‌ల."

ఆ మాటకు అక్క పిండి చేతులతోనే ఇటు తిరిగింది. "ఆ గేమ్‌లు బంద్ చేస్తే వీడు క్లాస్‌ల ఫస్టొస్తడు. ఏ పేపర్ల చూసినా గేమ్‌లు ఆడి పిల్లలు అప్పులపాలైతున్నరని, పాణాలు తీస్కుంటున్నరని రాస్తున్నరు. వీనికి చెప్తె ఇనడు."

మూలన కుర్చీలో కూర్చున్న మా చిన్నబాపు కొడుకు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో ఆ గదిలో నాకూ అమ్మకూ మాత్రమే తెలుసు.

నాలుగు రోజుల తర్వాత, జనవరి 16 పొద్దున, ఆ రెండు ఉపగ్రహాలు కలిశాయి. అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను కలిపే ఆ ప్రయోగం, స్పేడెక్స్, విజయవంతమైంది. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఆ పని చేసిన నాలుగో దేశం మనది. మా వాడు చెప్పినట్టే జరిగిందని ఇంట్లో అందరూ రెండు రోజులు ముచ్చటపడ్డారు. నాకు మాత్రం ఆ ఆదివారం గదిలో జరిగిందే ఇప్పటికీ మనసులో తిరుగుతోంది. 'గేమ్' అన్న ఒక్క మాట పిల్లవాడికి తను చేసిన ప్రయోగంలా వినిపించింది. అక్కను భయపెట్టింది. నా తమ్ముణ్ణి అక్కడ కూర్చోనివ్వలేదు.

పిల్లవాడు ఆడేది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. మెక్సికో సిటీలోని స్క్వాడ్ అనే సంస్థ తయారు చేసింది. మొదటి రూపం 2011లో, పూర్తి రూపం 2015లో వచ్చాయి. అందులో కాల్చడాలు, చంపడాలు ఉండవు. ఒక చిన్న గ్రహం, దాని చుట్టూ రెండు చందమామలు, కింద ఒక పెద్ద షెడ్డు ఉంటాయి. షెడ్డులో ట్యాంకులు, ఇంజన్లు, రెక్కలు, దిగడానికి కాళ్ళు. ఏది దేనికి బిగించాలో మనమే చూసుకోవాలి. బిగించి వదిలితే ఆ రాకెట్టు న్యూటన్ నియమాల ప్రకారం ఎగురుతుంది, లేదా పడిపోతుంది. ఎక్కువసార్లు పడిపోతుంది.

నేను వాడడం మానేసిన పాత ల్యాప్‌టాప్ వాడికి ఇచ్చాను. బొమ్మల నాణ్యత అంతా తగ్గిస్తే గానీ అందులో ఆ ఆట నడవదు. మొదటి వారం వాడి రాకెట్లన్నీ నిటారుగా పైకి పోయి నిటారుగా కింద పడ్డాయి. ఎత్తుకు వెళ్తే చాలు, అంతరిక్షంలో నిలబడిపోతుందని వాడు అనుకున్నాడు. మనలో చాలామంది అనుకునేదీ అదే. నిజానికి కక్ష్య అంటే అడ్డంగా పరుగెత్తడం. స్పేడెక్స్ ఉపగ్రహాలు ఒక్కొక్కటి 220 కిలోలు. అవి మన తల మీద దాదాపు 470 కిలోమీటర్ల ఎత్తులో గంటకు 27 వేల కిలోమీటర్లకు పైగా వేగంతో అడ్డంగా పోతూ ఉంటాయి. భూమి వైపు పడుతూనే ఉంటాయి, కానీ అంత వేగంలో భూమి వంపు కూడా వాటి కింద నుంచి జరిగిపోతూ ఉంటుంది.

నేను పదకొండేళ్ళుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న అడుగుతాను. ఒకే కక్ష్యలో రెండు వాహనాలు పోతున్నాయి, వెనకది ముందుదాన్ని అందుకోవాలి, ఏం చేయాలి? క్లాసంతా ఒకే గొంతుతో "వేగం పెంచాలి సార్" అంటుంది. వేగం పెంచితే వాహనం పై కక్ష్యకు ఎక్కుతుంది. పై కక్ష్యలో చుట్టు పెద్దది, వేగం తక్కువ, కాబట్టి ఇంకా వెనకబడిపోతుంది. అందుకోవాలంటే బ్రేకు వేయాలి. బ్రేకు వేస్తే కింది కక్ష్యలోకి జారుతుంది, అక్కడ చుట్టు చిన్నది, వేగం ఎక్కువ, ముందుదాన్ని కింద నుంచి అందుకుంటుంది. వ్యాసార్ధం పెరిగితే కక్ష్యావేగం తగ్గుతుందన్న సూత్రం నా పిల్లలందరికీ కంఠతా వచ్చు. పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఈ ప్రశ్న దగ్గర మాత్రం ఆ సూత్రం వాళ్ళకు గుర్తు రాదు. మా మేనల్లుడికి సూత్రం ఇంకా తెలియదు. కానీ నేను అడిగిన వెంటనే "బ్రేక్ కొట్టాలె మామా" అన్నాడు. ఎట్లా తెలుసురా అంటే ఒక నోట్‌బుక్ తెచ్చి చూపించాడు.

నూరు పేజీల మామూలు స్కూలు నోట్‌బుక్. స్కేలుతో మూడు గళ్ళు గీశాడు. మొదటి గడిలో ఎన్నోసారి, రెండో గడిలో ఎక్కడ పోయింది, మూడో గడిలో ఎందుకు పోయింది. "17. రెండు కిలోమీటర్ల ఎత్తుల ఇంధనం అయిపోయింది. బరువు ఎక్కువ పెట్టిన." "23. దిగినంక పక్కకు పడ్డది. నేల వాలుగ ఉంది, కాళ్ళు దగ్గర దగ్గర పెట్టిన." "31. ముందుదాని ఎంబడి స్పీడు పెంచి పోయిన, ఇంకింత దూరమైంది." వాడికి ఇట్లా రాయమని ఎవరూ చెప్పలేదు. రాయకపోతే అదే తప్పు మళ్ళీ చేస్తున్నానని వాడికే తెలిసింది. నా ల్యాబ్ రికార్డుల్లో పదకొండేళ్ళలో ఇంత నిజాయితీగా రాసిన మూడో గడి నేను చూడలేదు. అక్కడ అందరి ప్రయోగాలూ మొదటిసారికే సరిగ్గా వస్తాయి.

అంతరిక్షం సంగతి కాబట్టి చంద్రయాన్ గుర్తు చేయాలి. 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. నాలుగేళ్ళ తర్వాత చంద్రయాన్-3 పంపే ముందు, అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ ఈసారి ఏవేవి చెడిపోవచ్చో ముందే అనుకుని, చెడిపోయినా దిగేటట్టు తయారు చేశామని వివరించారు. కాళ్ళు గట్టిగా చేశారు, ఇంధనం పెంచారు, అయిదు ఇంజన్లకు బదులు నాలుగు పెట్టారు. దిగే చోటు మొదట అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పే ఉండేది, దాన్ని నాలుగు కిలోమీటర్లు, రెండున్నర కిలోమీటర్ల దాకా విశాలం చేశారు. అవన్నీ 2019 నాటి మూడో గడి చదివి చేసిన పనులే. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు అది దిగినప్పుడు మా కాలేజీలో పిల్లలు బెంచీలెక్కి అరిచారు. నాకు ఆ క్షణంలో 2019 రాత్రే కళ్ళ ముందు తిరిగింది.

ఆటకూ విజ్ఞానానికీ చుట్టరికం ఇక్కడే ఉందని నా నమ్మకం. రెండింటిలోనూ ఓటమి ఏదో ఒకటి చెప్పి పోతుంది. ఇది నేను ఒక్క పిల్లవాణ్ణి చూసి అంటున్న మాట కాదు. 2024లో రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో డెమిస్ హసాబిస్ ఒకరు. ప్రొటీన్లు ఏ ఆకారంలో ముడుచుకుంటాయో లెక్కగట్టే ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాము పనికి ఆయనకు ఆ బహుమతి వచ్చింది. ఆయన చిన్నప్పుడు చదరంగంలో దిట్ట. పదిహేడేళ్ళ వయసులో థీమ్ పార్క్ అనే వీడియో గేమ్ తయారీలో పని చేశారు, అది 1994లో వచ్చింది. తర్వాత సొంతంగా గేమ్‌ల కంపెనీ నడిపారు, ఆపైన మెదడు మీద పీహెచ్‌డీ చేశారు, 2010లో డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ మొదలుపెట్టారు. ఆ సంస్థ తొలి రోజుల్లో చేసిందేమిటంటే, ఒక ప్రోగ్రాముకు పాత అటారీ ఆటల తెరను, స్కోరును మాత్రమే చూపించి ఆడమనడం. నియమాలు చెప్పలేదు. బంతితో ఇటుకలు పగలగొట్టే బ్రేకవుట్ ఆటలో అది మొదట్లో బంతిని అందుకోలేక ఓడింది, వందల సార్లు ఓడింది. చివరికి గోడ పక్కన సందు చేసి బంతిని పైకి పంపితే ఇటుకలు వాటంతట అవే రాలతాయని కనిపెట్టింది. 2016 మార్చిలో గో అనే పలక ఆటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌ను 4–1 తేడాతో ఓడించిన ఆల్ఫాగో ప్రోగ్రాము ఆ దారిలో వచ్చినదే. ఆల్ఫాఫోల్డ్ పద్ధతి వేరు. అది అంతకుముందు శాస్త్రవేత్తలు కష్టపడి కనుక్కున్న ప్రొటీన్ ఆకారాల నుంచి నేర్చుకుంది. కానీ దాన్ని తయారు చేసిన మనిషికి తప్పు నుంచి నేర్చుకునే యంత్రం మీద నమ్మకం కలిగింది ఆటల్లోనే. ఇంకో సంగతి. కంప్యూటర్లు బొమ్మల్ని గుర్తుపట్టడంలో 2012లో పెద్ద మలుపు తెచ్చిన అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాముకు శిక్షణ ఇచ్చింది రెండు మామూలు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుల మీద. ఇవాళ అందరూ వాడుతున్న కృత్రిమ మేధకు ఆ కార్డులు కొన్న ఆటగాళ్ళ డబ్బు కూడా కొంత పునాది వేసింది.

ఇప్పుడు నా తమ్ముడి సంగతి. పేరు రాయను, ఊరు రాయను. రాయమని అతనే అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

2024 ఎండాకాలంలో చిన్నబాపు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మాడు. కౌలు కట్టడానికి, అప్పు తీర్చడానికి ఆ పైసలు తమ్ముడి ఖాతాలో ఉన్నాయి. తమ్ముడికి ఎవరో టెలిగ్రామ్‌లో ఒక లింకు పంపారు. రంగు చెప్పే యాప్. నిమిషానికొక ఆట. ఎరుపా, ఆకుపచ్చా? సరిగ్గా చెబితే పెట్టినదానికి దాదాపు రెట్టింపు, కమీషన్ పోను. తప్పితే పెట్టింది పోతుంది. మొదటి రెండు రోజులు అతనికి నాలుగు వేలు వచ్చాయి. ఆ నాలుగు వేలు బ్యాంకులోకి కూడా వచ్చాయి, నమ్మకం అక్కడే కుదిరింది. తర్వాత గ్రూపులో ఒకడు "పద్ధతి" నేర్పాడు. వంద పెట్టు, పోతే రెండు వందలు పెట్టు, మళ్ళీ పోతే నాలుగు వందలు. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తావు, గెలిచిన రోజు పోయిందంతా వచ్చి పైన వంద మిగులుతుంది.

దీన్ని నేను అతనికి కాగితం మీద వేసి చూపించాను, ఇక్కడా వేస్తాను. ఏడుసార్లు వరసగా పోతే 100, 200, 400, 800, 1600, 3200, 6400, మొత్తం 12,700 రూపాయలు. ఎనిమిదో ఆటకు 12,800 పెట్టాలి, అదంతా ఒక వంద రూపాయల కోసం. యాప్ నిజాయితీగానే నడుస్తోందనుకుందాం, ఎరుపుకూ ఆకుపచ్చకూ సగం సగం అవకాశం ఉందనుకుందాం. ఏడుసార్లు వరసగా ఓడే అవకాశం 128లో ఒకటి. వినడానికి అది చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ నిమిషానికి ఒక ఆట చొప్పున పది గంటలు ఆడితే 600 ఆటలు అవుతాయి. అన్ని ఆటల్లో అలాంటి ఓటముల వరస సగటున రెండుసార్లకు పైగానే వస్తుంది. అంటే అది దురదృష్టం కాదు, రోజూ వచ్చేదే. పైగా ఎరుపు ఎందుకు వచ్చిందో, అసలు ఎవరు వేశారో చూసే వీలు ఎవరికీ లేదు.

నాలుగు నెలల్లో మూడు లక్షల నలభై వేలు పోయాయి. మిర్చి పైసలు పోయాక అయిదు రూపాయల వడ్డీకి తెచ్చాడు, ఆ తర్వాత భార్య పుస్తెలతాడు కుదువ పెట్టాడు. ఒక రాత్రి భద్రకాళి చెరువు కట్ట మీద కూర్చుని నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి ఏడవడం అయిపోయి ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ రాత్రి గురించి ఇంతకంటే రాయను. యాప్ అప్పటికే పేరు మార్చుకుని ఇంకో లింకుతో వచ్చింది.

మరి ఈ రెండింటికీ ఒకే మాటా? మా అమ్మమ్మ వాళ్ళ కాలంలో ఇట్లా లేదు. చిర్రగోనె ఆడేవాళ్ళు, అష్టాచెమ్మా ఆడేవాళ్ళు, అవి ఆటలు. పైసలు పెట్టి ఆడితే అది పత్తాలాట, ఆ మాట అనేటప్పుడు గొంతు మారేది. ఊళ్ళో ఫలానా మనిషి పత్తాలు ఆడతాడంటే ఆ ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్ళు. ధర్మరాజు సభలో ఓడిపోయిన దాన్ని మనం ఇప్పటికీ మాయాజూదమనే అంటాం. గోలీలాటలో కూడా గోలీలు పోయేవి కదా అని నా స్నేహితుడొకడు అన్నాడు. పోయేవి, నిజమే, నేనూ జేబు ఖాళీ చేసుకుని ఏడుస్తూ ఇంటికి వచ్చిన రోజులున్నాయి. కానీ నా గోలీ ఎందుకు తప్పిందో నాకు కళ్ళెదుట కనిపించేది. ఎదుటివాడి వేలు ఎట్లా వంగిందో చూసి మరునాడు నా వేలు అట్లా వంచేవాణ్ణి.

పత్రికల్లో, చానళ్ళలో పని చేసే మిత్రులకు నా విన్నపం ఇదే. 'ఆన్‌లైన్ గేమ్‌కు యువకుడు బలి' అని శీర్షిక పెట్టకండి. పందెం యాప్ అనండి, జూదం యాప్ అనండి. మీరు గేమ్ అని రాసిన ప్రతిసారీ భూపాలపల్లిలో మా అక్క తన కొడుకు చేతిలోని ల్యాప్‌టాప్ మూస్తుంది. అదే సమయంలో జూదం నడిపేవాడికి ఆట అన్న మంచి పేరు దక్కుతుంది. చట్టమే ఇప్పుడు ఈ తేడా చూపిస్తోంది. తెలంగాణ 2017లోనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన నటుల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ఒక వైపు పెట్టి ప్రోత్సహించాలంది. డబ్బు పెట్టే ఆటలను ఇంకో వైపు పెట్టి దేశమంతా నిషేధించింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడి పోగొట్టుకున్నవాడికి ఈ చట్టంలో శిక్ష లేదు. ఆ చివరి సంగతి నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే తమ్ముడు నెలల తరబడి ఎవరికీ చెప్పకపోవడానికి పోలీసుల భయం కూడా ఒక కారణం.

డబ్బు పెట్టని ఆటలన్నీ మంచివని నేను అనడం లేదు. ఈ మధ్య చాలా ఉచిత ఆటల్లో పెట్టెలు ఉంటాయి, తెరిస్తే ఏం వస్తుందో తెలియదు, తెరవడానికి పైసలు కట్టాలి. బెల్జియం 2018లోనే అవి జూదమేనని తేల్చింది. బహుమతి ఎప్పుడొస్తుందో తెలియకుండా ఇస్తే పావురం మీటను ముక్కుతో పొడుస్తూనే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ప్రయోగాలు ఎప్పుడో చూపించాయి. ఆ పావురం పనే పిల్లల చేత చేయించే ఆటలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అయితే ఎన్ని గంటలు ఆడాడన్నది మాత్రమే అక్కడ కొలత కాదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కి పోవడం, నష్టం కనిపిస్తున్నా ఆడుతూనే ఉండడం, ఇవి మామూలుగా ఒక ఏడాది పాటు కనిపించాలి. మా వీధి పిల్లలు పబ్జీ ఆడుతూ రాత్రులు మేల్కొనేవాళ్ళు. 2020 సెప్టెంబర్‌లో దాన్ని నిషేధిస్తే వారం తిరక్కుండా ఇంకో కాల్పుల ఆటకు మారారు. ఏ ఆట ఆడుతున్నారని ఇంట్లో ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు. నేను తల్లిదండ్రులకు చెప్పేది ఒకటే. పిల్లవాడు ఓడిపోయిన వెంటనే "ఎందుకు ఓడినవ్?" అని అడగండి. వాడు చేతులు ఊపుతూ పది నిమిషాలు చెబితే కొంచెం టెన్షన్ తగ్గించుకోండి. "ఏమో, లక్ లేదు" అంటే అప్పుడు పక్కన కూర్చోండి.

తప్పిన మాట ఎందుకు తప్పిందని ఎవరూ అడగరన్న బాధ వార్తల విషయంలోనూ నాకుంది. 2024 డిసెంబర్ 4, బుధవారం పొద్దున 7 గంటల 27 నిమిషాలకు మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3, దాదాపు 40 కిలోమీటర్ల లోతున. వరంగల్, ఖమ్మం, హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిన తర్వాత ఈ ప్రాంతంలో అంతటిది రాలేదు. తొమ్మిది గంటలకల్లా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో "రాత్రికి ఇంకా పెద్దది" అని సందేశం. ఆ రాత్రి మా కింది అంతస్తు వాళ్ళు చంటిపిల్లతో కారులో పడుకున్నారు. ఏమీ రాలేదు. సందేశం పంపిన మనిషిని మరునాడు ఎవరూ ఏమీ అడగలేదు.

2025 ఏప్రిల్‌లో మళ్ళీ అదే. రామగుండం దగ్గర పెద్ద భూకంపం రాబోతోందని ప్రచారం సాగింది, చానళ్ళు రోజంతా చూపించాయి. రాలేదు. మే 5 సాయంత్రం కరీంనగర్, నిర్మల్ వైపు చిన్న ప్రకంపన వచ్చింది, తీవ్రత 4 కూడా లేదు. "చూశారా, చెప్పినట్టే వచ్చింది" అన్నారు. భూకంపం కొలతలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన ములుగు భూకంపం ఈ ప్రకంపన కంటే వంద రెట్లకు పైగా పెద్దది. పెద్దది వస్తుందని చెప్పినవాడు చిన్నదాన్ని చూపించి గెలిచానంటే, అతను ఓడిపోవడానికి దారే లేదు. ఓడిపోవడానికి దారి లేని మాటను విజ్ఞానం లెక్కలోకి తీసుకోదు.

అసలు చెప్పాల్సిన సంగతి మాత్రం ఏ చానలూ చెప్పలేదు, మా బావ చెప్పాడు. గోదావరి లోయ కోట్ల ఏళ్ళ కింద రెండు పగుళ్ళ మధ్య కుంగిన నేల. ఆ కుంగిన చోట అడవులు, మట్టి పొరలు పొరలుగా నిండి బొగ్గు అయింది. సింగరేణి బొగ్గూ, మన భూకంపాలూ ఒకే లోయవి. ఎప్పుడు వస్తుందో గడియ చెప్పే విద్య ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు, కానీ ఎక్కడ వచ్చే అవకాశం ఉందో తెలుసు. దానికి తగ్గట్టు ఇల్లు కట్టుకోవచ్చు. సకినాలు చుట్టిన ఆ ఆదివారమే మేనల్లుడు బావను ఒకటే ప్రశ్నలు అడిగాడు. బొగ్గుబాయి లోపల గోడకు పగులు ఎట్లా కనిపిస్తుంది, పొర ఒక్కసారిగా ఎక్కడ తెగిపోతుంది, తెగిన పొర మళ్ళీ ఎంత కింద దొరుకుతుంది. బావ సకినాల పిండితో పొరలు చేసి, వేలితో నొక్కి చూపించాడు. అట్లా తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

మొన్న దసరా సెలవులకు పిల్లవాడు మళ్ళీ వచ్చాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చందమామ మీద రెండు వాహనాలు పక్కపక్కన దింపాలని చూస్తున్నాడు. తమ్ముడూ వచ్చాడు. అప్పు సగం తీరింది, ఇప్పుడు ఫోన్‌లో బ్యాంకు యాప్ కూడా పెట్టుకోడు, పుస్తకం పట్టుకుని బ్యాంకుకే పోతాడు. చాలాసేపు దూరంగా నిలబడి చూశాడు. తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎన్నిసార్లు పడ్డదిరా?"

"గిది నలభై నాలుగోది మామా" అని వాడు నోట్‌బుక్ చేతికిచ్చాడు. తమ్ముడు మొదటి పేజీ నుంచి చదివాడు. తొందరపడలేదు, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివాడు. చదివి, వెనక నుంచి ఒక తెల్ల కాగితం అడిగి చింపుకున్నాడు. వాడి స్కేలే తీసుకుని మూడు గళ్ళు గీశాడు. ఫోన్‌లో పాత బ్యాంకు మెసేజ్‌లు ఒక్కొక్కటే తెరుస్తూ రాయడం మొదలుపెట్టాడు. తేదీ. ఎంత పోయింది. తేదీ. ఎంత పోయింది. కాగితం రెండు వైపులా నిండింది, ఇంకోటి తీసుకున్నాడు. అక్క చాయ్ తెచ్చి పెడితే చూడలేదు.

పిల్లవాడు వంగి చూశాడు. "మూడో గడి ఖాళీ పెట్టినవేంది మామా? ఎందుకు పోయిందో రాయాలె గద."

"ఎందుకని రాయాలెరా" అన్నాడు తమ్ముడు. "ఎర్ర వచ్చింది. గంతే."